సూక్ష్మజీవశాస్త్రంలో పరిశోధన చదువు: తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

పళవేర్కాడు తీరగ్రామాల వారికి సూక్ష్మజీవులు కొత్తవి కావు. రొయ్యల చెరువులో తెల్లమచ్చల రోగం ప్రవేశిస్తే కొద్ది రోజులలోనే పంట మొత్తం నశిస్తుంది. అందుకు కారణం కంటికి కనబడని ఒక వైరస్. మన ఇళ్ళలో పసిబిడ్డకు పుట్టగానే వేసే బి.సి.జి. టీకా కూడా ఒక సూక్ష్మజీవితో తయారైనదే. ఇటువంటి జీవులను గూర్చి తెలిపేది సూక్ష్మజీవశాస్త్రం. వాటిని శరీరం ఎట్లా ఎదుర్కొంటుందో తెలిపేది రోగనిరోధక శాస్త్రం. తమిళ పాఠ్యపుస్తకాలలో మన పిల్లలు చదివే ‘నుణ్ణుయిర్’, ‘నోయ్ ఎదిర్ప్పు’ అనే మాటలకు అర్థం ఇదే.

ప్లస్ టూ తరువాత ఈ శాస్త్రాన్ని ఎన్నుకునే విద్యార్థులు మన ప్రాంతంలోనూ ఉన్నారు. అయితే పట్టభద్రులైన తరువాత పరిశోధన వైపు వెళ్ళడమంటే ఏమిటో చాలా కుటుంబాలకు స్పష్టంగా తెలియదు. తెలియకపోవడం వలన, ఎన్నాళ్ళీ చదువు, ఉద్యోగమెప్పుడు అనే ప్రశ్న ఇంట్లో కలతకు కారణమవుతున్నది.

పాఠం వేరు, పరిశోధన వేరు

సాధారణ ఎం.ఎస్సీ.లో విద్యార్థి ఇతరులు కనుగొన్న విషయాలను నేర్చుకుని పరీక్ష వ్రాస్తాడు. చివరి భాగంలో ఒక చిన్న ప్రాజెక్టు చేస్తాడు. పరిశోధన ప్రధానమైన మాస్టర్స్ పట్టాలో పాఠాలు తక్కువ. ఇంతవరకు సమాధానం లేని ఒక చిన్న ప్రశ్నను తీసుకుని, మార్గదర్శకుని పర్యవేక్షణలో ప్రయోగాలు చేసి, ఫలితాలను సిద్ధాంత వ్యాసంగా వ్రాసి, పరీక్షకుల ముందు నిలబడి సమర్థించుకోవాలి.

కాలవ్యవధి పుస్తకం మీద గాక జీవి మీద ఆధారపడుతుంది. పేగులలో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియా అనుకూల పరిస్థితులలో సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. క్షయ క్రిమికి అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది. గట్టి పోషకం మీద అది కంటికి కనబడే గుంపుగా ఎదగడానికి వారాలు కావాలి. మధ్యలో వేరే బాక్టీరియా చేరి పాడైతే మళ్ళీ మొదటినుండి ఆరంభించవలసిందే. కనుక ఆలస్యమంతా సోమరితనం కాదని పెద్దలు గ్రహించాలి.

మన నేలమీద జరిగిన పరిశోధన

పరిశోధన అంటే ఏమిటో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. 1968లో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య సేవ కలిసి నాటి చెంగల్పట్టు జిల్లాలో ఒక మహాప్రయోగం ఆరంభించాయి. నేటి తిరువళ్ళూరు జిల్లా అప్పుడు అందులోనే ఉండేది. బి.సి.జి. టీకా క్షయను ఎంతవరకు నివారిస్తుందన్నదే ప్రశ్న. 209 పంచాయతీలు, 9 పట్టణాలకు చెందిన మూడున్నర లక్షలకు పైగా ప్రజల పేర్లు నమోదయ్యాయి. టీకాకు అర్హులైనవారిలో కొందరికి బి.సి.జి., కొందరికి మందు లేని సూది ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో ప్రజలకూ తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. పదిహేనేళ్ళు ఎక్స్‌రేలు, కఫ పరీక్షలతో వారిని గమనించారు.

ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుండి టీకా రక్షణ ఇవ్వలేదు. పదిహేనేళ్ళ పూర్తి ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఈ ప్రాంతపు నేలలో, నీటిలో ఉండే క్షయజాతి ఇతర బాక్టీరియా శరీరానికి ముందే పరిచయం కావడం వలన టీకా ప్రభావం మరుగునపడి ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు భావించారు. ఆ ప్రశ్నమీద రోగనిరోధక శాస్త్రంలో నేటికీ కృషి జరుగుతున్నది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. పసిపిల్లలకు వచ్చే మెదడు పొరల క్షయ వంటి తీవ్రరూపాల నుండి బి.సి.జి. రక్షిస్తుంది. అందుకే పుట్టిన బిడ్డకు నేటికీ వేస్తున్నారు, తప్పక వేయించాలి. ఆశించిన ఫలితం రాకపోయినా ఉన్నదున్నట్లు చెప్పగల నిజాయితీయే పరిశోధన విద్య నేర్పే మొదటి గుణమని ఈ ఉదంతం చాటుతున్నది.

దారులు, ఖర్చు

మన దేశంలో పరిశోధన మాస్టర్స్‌గా చాలాకాలం ఉన్న ఎం.ఫిల్.ను విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనలతో నిలిపివేసింది. కనుక ఇప్పుడు ఎం.ఫిల్. ప్రవేశమంటూ ఎవరైనా డబ్బు అడిగితే నమ్మరాదు. సాధారణమైన దారి మూడేళ్ళ బి.ఎస్సీ., రెండేళ్ళ ఎం.ఎస్సీ., ఆ పైన పిహెచ్.డి. చెన్నై తరమణిలోని మద్రాసు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సూక్ష్మజీవశాస్త్ర విభాగమున్నది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరస్‌ల అధ్యయనానికే ప్రత్యేక విభాగమున్నది. కెనడాలోని మెక్‌గిల్ వంటి విశ్వవిద్యాలయాలలో ‘సూక్ష్మజీవశాస్త్రం, రోగనిరోధక శాస్త్రం’ అన్న పేరుతోనే పరిశోధన మాస్టర్స్ ఉన్నది.

ఎం.ఎస్సీ. పూర్తిచేసి నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ఎంపికై, పిహెచ్.డి.లో చేరినవారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయల భృతి నిర్ణయమైంది. అంటే పరిశోధనలో అడుగుపెట్టిన బిడ్డ ఇంటికి భారం కాకుండా చదువుకునే వీలున్నది. కానీ ఎం.ఎస్సీ. రెండేళ్ళ ఖర్చు చాలామందికి కుటుంబమే భరించాలి.

ఈ పట్టా పొందినవారు వైద్యులు కారు; రోగులకు మందు వ్రాయరాదు. రోగనిర్ధారణ ప్రయోగశాలలు, టీకా కర్మాగారాలు, ఎగుమతి రొయ్యల నాణ్యత పరీక్షాకేంద్రాలు, అధ్యాపక వృత్తి వారి రంగాలు.

చేరే ముందు తల్లిదండ్రులు నాలుగు విషయాలు విచారించాలి. మార్గదర్శకుడు ఎవరు? ఆయన వద్ద ముందు చదివినవారు ఎన్నేళ్ళకు పట్టా పొందారు? భృతి ఎంత, ఎన్ని నెలలు? రోగక్రిములతో పనిచేసే చోట రక్షణ ఏర్పాట్లు ఉన్నాయా? ఆడపిల్ల అయితే రాత్రివేళ ప్రయోగశాల నుండి వసతి గృహానికి చేరే దారి గూర్చి కూడా అడగాలి. ఈ జవాబులు సంతృప్తికరంగా ఉన్నప్పుడు, వయసు మించిపోతున్నదన్న తొందరతో చదువును మధ్యలో ఆపించకపోవడమే బిడ్డకు చేసే మేలు.