ఒక్క కర్బనం తేడా

విజయనగరంలో పొద్దున్నే పాసింజరు బండెక్కి శ్రీకాకుళం వైపు వస్తూంటే, చీపురుపల్లి దాటిన దగ్గరనుంచీ కిటికీకి రెండు ప్రక్కలా తాటిచెట్లే. ఎండాకాలమైతే మట్టల నడుమ లొట్లు వేలాడుతూంటాయి. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పుకుని బ్రతికినవాణ్ణి కాబట్టి కాబోలు, ఆ లొట్టి కనబడితే చాలు, నాకు మా ప్రయోగశాల గుర్తుకొస్తుంది.

లోపల సున్నం పూసిన లొట్టిలో దిగేది తియ్యటి నీరా. దాన్ని కాస్తే తాటిబెల్లం. సున్నం పూయకపోతే ఈస్టు అనే సూక్ష్మజీవులు చేరి, ఆ తీపిని మద్యసారంగా మార్చేస్తాయి. పొద్దెక్కేకొద్దీ అది కల్లవుతుంది. తాగకుండా వదిలేస్తే మర్నాటికి మరో రకం సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ముక్కు బద్దలయ్యే వినిగర్ చేస్తాయి. ఒకే కుండలో చక్కెర, మద్యసారం, ఆమ్లం!

ఇదంతా ఎలా జరుగుతుందంటారా? మద్యసారం అణువులో కర్బన పరమాణువులు రెండు. ఒకదాని చివర ఆమ్లజని, దాన్ని అంటుకుని ఉదజని. ఈ జంట పేరు హైడ్రాక్సిల్. ఇటువంటి ముక్కల్ని ప్రమేయ సమూహాలంటారు. పేరు విని జడుసుకోకండి. మా వైపు పెద్దవాళ్ళు ఇంటిపేరు చెబితే చాలు, వియ్యానికి పనికొస్తారో లేదో తేల్చేసేవారు. అణువుకి ఆ ఇంటిపేరు లాంటిదే ఈ ముక్క. దాన్నిబట్టి ఏది దేనితో కలుస్తుందో చెప్పవచ్చు. హైడ్రాక్సిల్ ఉన్నచోట రెండు ఉదజనులు ఊడిపోతే ఆల్డిహైడు. దానికి మరో ఆమ్లజని చేరితే ఆమ్లం. కల్లు పులవడమంటే ఇంతే.

పొందూరు స్టేషను రాగానే నాకు మరో హైడ్రాక్సిల్ సంగతి జ్ఞాపకం వస్తుంది. అక్కడి సన్న ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. పత్తి పోగంటే చక్కెర ముక్కలు గొలుసుకట్టి నిలబడ్డ సెల్యులోజు. ముక్కకి మూడేసి హైడ్రాక్సిళ్ళు. చెమటనీటిని చెయ్యిపట్టుకుని ఆపేవి అవే. టెరిలిన్‌లోనో, ఆ హైడ్రాక్సిళ్ళు ఆమ్లాన్ని పెళ్ళాడి ఎస్టర్లయిపోయాయి. చెమటను పీల్చవు సరికదా, వేసవిలో ఒంటికి అంటుకుని ప్రాణం తీస్తాయి.

నిజంగా ప్రాణం తీసే హైడ్రాక్సిల్ మరొకటుంది. మద్యసారంలోని రెండు కర్బనాలలో ఒకటి తగ్గిస్తే వచ్చే మిథైల్ ఆల్కహాలు. కట్టెల బట్టీనుంచి రాబర్ట్ బాయిల్ 1661లోనే దీన్ని పట్టుకున్నాడు. రంగులేదు, వాసనకూ రుచికీ పోల్చడం కష్టం. తాగడానికి పనికిరాకుండా చెయ్యాలని బజారు స్పిరిట్‌లో దీన్నే కలుపుతారు.

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక వడ్రంగి ఉండేవాడు. బీరువాలకు అద్దంలా పాలిష్ పెట్టేవాడు. ఓ రాత్రి కల్లు దొరక్క, పాలిష్‌లో కలిపే స్పిరిట్ తాగాడట. తెల్లవారి బాగానే లేచాడు. మధ్యాహ్నం ఎండ నెత్తిమీదుండగా పెళ్ళాన్ని కేకేశాడు: “దీపమెట్టవే, సీకటి పడిపోనాది!”

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అతని కాలేయంలో జరిగింది లొట్టిలో జరిగేదే. ఉదజనులు ఊడాయి, ఆమ్లజని చేరింది. అయితే రెండు కర్బనాలున్న మద్యసారమైతే వినిగర్‌లోని ఆమ్లం తయారవుతుంది, దాన్ని శరీరం ఖర్చుపెట్టేసుకుంటుంది. ఒకే కర్బనముంటే ముందు ఫార్మాల్డిహైడు, తర్వాత ఫార్మిక్ ఆమ్లం. కొన్ని రకాల చీమలు కుట్టినప్పుడు మండించేది ఈ ఆమ్లమే. ఇది ముందుగా కంటినరాన్ని పట్టుకుంటుంది. తయారవడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక, తాగినవాడు బాగానే ఉన్నాననుకుంటాడు. 2020 జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో, లాక్‌డౌన్‌లో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. దుకాణాల్లో అమ్మే సరుకులో ఏ ఆల్కహాలుందో కంటితో చూసి చెప్పగలవాడెవడు?

దీనికి విరుగుడు వింటే నవ్వొస్తుంది. మామూలు మద్యసారమే! కాలేయంలోని ఎంజైముకు మిథైల్ కన్నా అదంటేనే మక్కువ. అది దొరికినంతసేపూ మిథైల్ జోలికి పోదు. ఈలోగా మిథైల్ మూత్రంతోనూ ఊపిరితోనూ మెల్లిగా బయటికి పోతుంది, లేదా డయాలిసిస్‌తో తీసేస్తారు. ఇప్పుడు ఫోమెపిజోల్ అనే మందు కూడా ఉంది. ఇదంతా ఆస్పత్రిలో డాక్టరు కొలిచి చెయ్యవలసిన వైద్యం, ఇంట్లో సీసా తీసి చేసేది కాదు. చూపు మసకేసిందన్న క్షణానే బండి కట్టాలి.

ఆనాడు మా వీధిలో ఈ సంగతి తెలిసినవారు లేరు. మజ్జిగ పట్టించి, తలకు నిమ్మరసం మర్దించి, నీడన పడుకోబెట్టారు. సాయంత్రం పెళ్ళాం నిజంగానే దీపం తెచ్చి మొహం దగ్గర పెట్టింది. “ఎట్టేవా?” అని అడిగాడు.