ఎలుక తల మీది తీగ

బిచ్కుంద చుట్టుపక్కల చేలల్లో గుంజకు కట్టిన ఎద్దు మేస్తూ మేస్తూ ఒకే వైపు తిరిగిందంటే, కాసేపటికి తలుగంతా గుంజకు చుట్టుకుని మూరెడు మిగులుతుంది. ఇక అది మేత మానేసి మెడ వంచుకుని నిలబడుతుంది. మెదడు పరిశోధనశాలలో తల మీద తీగ ఉన్న ఎలుకదీ ఇదే అవస్థ. పైగా అక్కడ కొలిచేది దాని మెదడునే.

అసలు తీగ ఎందుకు? మెదడులో ఒక కణం స్పందిస్తే పక్కనున్న సన్నని ఎలక్ట్రోడుకు అందే విద్యుత్తు వోల్టులో సుమారు పదివేలవ వంతు. అదీ సెకనులో వెయ్యో వంతు సేపే. దాన్ని పట్టుకోవాలంటే సెకనుకు దాదాపు 30,000 సార్లు కొలవాలి. మత్తులో ఉన్న జంతువైతే కొలత తేలికే. కానీ అది దారి ఎలా గుర్తుపెట్టుకుంటుందో తెలియాలంటే మెలకువగా, ఇష్టం వచ్చినట్టు తిరగాలి. జాన్ ఓకీఫ్, జోనథన్ దోస్త్రోవ్‌స్కీ 1971లో లండన్‌లో అలా తిరిగే ఎలుకల్లోనే ‘స్థాన కణాల’ను గుర్తించారు. ఎలుక ఫలానా చోటికి వస్తేనే ఫలానా కణం చురుగ్గా ఉంటుంది. 2005లో నార్వేలో మోజర్ దంపతుల బృందం చోటును గుర్తించే మరో రకమైన ‘గ్రిడ్ కణాల’ను కనుగొంది. ఓకీఫ్‌కూ మోజర్లిద్దరికీ 2014లో నోబెల్ వచ్చింది. తెలుగులో సైన్సు రాసే వి. శ్రీనివాస చక్రవర్తి మద్రాసు ఐఐటీలో ఈ కణాలకే కంప్యూటర్ నమూనాలు కడుతున్నారు. అలాంటి నమూనాలకు ఆధారం ఇలా తీగ వెంట వచ్చిన కొలతలే.

తీగ ఊగితే చాలు, దానిలోనే చిన్న విద్యుత్తు పుట్టి అసలు సంకేతాన్ని ముంచేస్తుంది. అందుకే సంకేతాన్ని పెంచే చిన్న పరికరాన్ని తల మీదే అమరుస్తారు. ఇప్పుడైతే అక్కడే అంకెల్లోకి మార్చేస్తున్నారు కాబట్టి వందల చానెళ్లు కొద్దిపాటి సన్నని తీగల్లో ఇమిడిపోతున్నాయి. 2017లో వచ్చిన న్యూరోపిక్సెల్స్ అనే ఎలక్ట్రోడు పరికరం ఒకేసారి 384 చానెళ్లు నమోదు చేస్తుంది.

బరువు సంగతి మరొకటి. చిట్టెలుక తూగేది 25 గ్రాములే; తల మీద 2 గ్రాములంటే ఒంటి బరువులో 8 శాతం. తీగ బరువు కూడా దాని మీద పడకుండా కప్పీకి ఎదురు బరువు కట్టో, సాగే దారం వేసో పైనుంచి పట్టి ఉంచుతారు. మరీ బిగిస్తే తల పైకి లాగుతుంది, మరీ వదిలితే పళ్లకు అందుతుంది. అందితే కొరక్కుండా ఉండదు.

అన్నిటికన్నా మొండిది మెలిక. దీనికి పైన కమ్యుటేటర్ అనే తిరిగే కీలు పెడతారు. దాని లోపలి లోహపు వలయాలు తిరుగుతున్నా సంకేతం తెగదు. మామూలు కీలును తిప్పాల్సింది జంతువే. 300 గ్రాముల ఎలుక తిప్పగలదు, చిట్టెలుకకు అంత బలం ఎక్కడిది? అందుకని తీగలో మెలికనో, తల ఎటు తిరిగిందో పసిగట్టి మోటారే కీలును తిప్పే ఏర్పాట్లు వచ్చాయి.

ఇవేవీ సరిగా లేకపోతే జరిగే నష్టం పైకి కనబడదు. ఒక మూలకు వెళ్లినప్పుడల్లా తీగ లాగుతుంటే ఎలుక ఆ మూలకు పోవడమే మానేస్తుంది. అక్కడ ఏ కణమూ పలకలేదని పటంలో ఖాళీ వస్తుంది. నిజానికి ఎలుక అక్కడికి వెళ్లనే లేదు. అందుకే తీగ చూసుకోవడాన్ని సహాయకుడి చిల్లర పనిగా తీసేయడం నాకు మింగుడుపడదు.

తీగే లేకుండా చేయవచ్చు కదా అంటారా? ఎగిరే గబ్బిలాలకు ఇజ్రాయెల్‌లో నాహుమ్ ఉలనోవ్‌స్కీ బృందం వైర్‌లెస్ పరికరాలే వాడింది. కానీ బ్యాటరీకీ బరువుంది, అయిపోయే గడువూ ఉంది. చిట్టెలుక మీద గంటల తరబడి నమోదు చేయాలంటే చాలాసార్లు సన్నని తీగే మేలు.

మన దేశంలో ఇలాంటి ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. ఆ దరఖాస్తులో శస్త్రచికిత్స వివరాలతో పాటు తీగ పొడవు, తల మీది బరువు, మెలిక విప్పే ఏర్పాటు, జంతువును కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరన్నదీ రాయించాలి.