'ఇతర చర్మ మార్పుల' గడిలో మరుగునపడుతున్న జబ్బులు

చర్మం పొలుసులుగా రాలినా, మందంగా గట్టిపడినా ప్రపంచ వైద్య గణాంకాలలో దానికొక సంఖ్య ఉంది. అది ఆర్ 23.4. ఇదీ అని తేల్చి చెప్పలేని మార్పు మరేదైనా ఉంటే పక్కనే ఉన్న ఆర్ 23.8లోకి వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులో ఈ రెండూ 'ఇతర చర్మ మార్పులు' అనే శీర్షిక కింద కనిపిస్తాయి. నిజానికి వీటిలో ఏదీ జబ్బు పేరు కాదు. లక్షణం కనిపించింది, కారణం తేలలేదు అని నమోదు చేయడానికి ఏర్పరచిన గడులివి. కారణం తేలిన తరువాత రోగిని అక్కడి నుంచి తీసి అసలు జబ్బు సంఖ్య కింద చేర్చాలన్నది వర్గీకరణ ఉద్దేశం. దక్షిణాసియాలోని పల్లె ఆసుపత్రులలో ఆ రెండో మెట్టు ఎక్కడం కష్టం. చాలాచోట్ల మొదటి మెట్టయిన సంఖ్య వేయడమే ఉండదు. 'చర్మవ్యాధి' అన్న ఒక్క మాటతో పుస్తకం మూతపడుతుంది.

ఇది గుమాస్తాల వ్యవహారంలా కనిపించవచ్చు. కాని గంగా మైదానంలో మూడు తీవ్రమైన సమస్యలు, అంటే నీటిలోని ఆర్సెనిక్ విషం, కుష్ఠు, కాలా అజార్ మిగిల్చే చర్మవ్యాధి, మొదట చర్మం మీద మచ్చలుగానో, గరుకుగానో బయటపడతాయి. వాటిని వేరువేరుగా లెక్కించలేకపోతే మందులు, నిధులు, మంచినీటి పథకాలు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేవారికి ఆధారం ఉండదు.

వ్యాధులకు పట్టిక కట్టే ప్రయత్నం కొత్తది కాదు. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియోఁ మరణ కారణాల జాబితాను ప్రతిపాదించాడు. 1948లో ఆరవ కూర్పు నాటికి ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థకు వచ్చింది. మరణాలతోపాటు రోగాలకూ అందులో చోటు దొరికింది. పదవ కూర్పుకు 1990లో ఆమోదం లభించింది. పదకొండవది 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అయినా మన ఆసుపత్రులలో, బీమా పత్రాలలో ఎక్కువగా వినిపించేది పదవ కూర్పు సంఖ్యలే.

ఆ కూర్పులో అక్షరాన్ని బట్టి అధ్యాయం మారుతుంది. ఏ, బీ అంటురోగాలవి. సీ కేన్సర్లది. ఎల్ చర్మవ్యాధులది. టీ గాయాలు, విషప్రభావాలకు సంబంధించినది. ఆర్ మాత్రం ఎక్కడా ఇమడని లక్షణాలది. గరుకెక్కిన ఒకే అరచేయి, చూసేవారి పరిజ్ఞానాన్ని బట్టి, వీటిలో ఏ అక్షరం కిందికైనా పోవచ్చు.

బావి నీరు, అరచేతి గరుకు

పశ్చిమ బెంగాల్‌లో జరిగింది ఇదే. గొట్టపు బావుల నీరు తాగుతున్న గ్రామస్థుల ఛాతీపైన వాన చినుకులు పడ్డట్టు నల్లని, తెల్లని చుక్కలు, అరచేతులలో, అరికాళ్లలో ఆవగింజల వంటి గట్టి బుడిపెలు కనిపించసాగాయి. కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధి నిపుణుడైన డాక్టర్ కె.సి. సాహా 1980ల తొలి సంవత్సరాలలోనే ఇది ఆర్సెనిక్ ప్రభావమని గుర్తించారు. తరువాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి బృందం మాల్దా, ముర్షీదాబాద్, నదియా, ఉత్తర, దక్షిణ 24 పరగణాల జిల్లాలలో ఏళ్ల తరబడి నీటిని పరీక్షించింది.

సరిహద్దుకు అవతల బంగ్లాదేశ్‌లో చాపాయ్ నవాబ్‌గంజ్ ప్రాంతపు బావులలో ఆర్సెనిక్ ఉన్నట్టు 1993లో తేలింది. కలుషితమైన చెరువు నీటి వల్ల వచ్చే అతిసారం నుంచి పిల్లలను కాపాడాలని 1970ల నుంచి యూనిసెఫ్ వంటి సంస్థల తోడ్పాటుతో తవ్విన బావులే అవి. 1998-99లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే, బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ కలిసి జరిపిన సర్వే, లీటరుకు 50 మైక్రోగ్రాములకు మించి ఆర్సెనిక్ ఉన్న నీటిని సుమారు 3.5 కోట్ల మంది తాగుతున్నారని అంచనా వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 10 మైక్రోగ్రాముల పరిమితిని ప్రమాణంగా తీసుకుంటే ఆ సంఖ్య 5.7 కోట్లకు చేరుతుంది. చరిత్రలో ఒక జనాభాపై జరిగిన అతిపెద్ద విషప్రయోగం ఇదేనని కాలిఫోర్నియా శాస్త్రవేత్త అలన్ స్మిత్, ఆయన సహచరులు 2000లో రాశారు. ఎవరూ కావాలని చేసినది కాదు. నదులు మోసుకొచ్చిన ఒండ్రుమట్టిలో ఇనుముతో అంటుకుని ఉన్న ఆర్సెనిక్, ప్రాణవాయువు అందని లోతులలో విడివడి నీటిలో కలిసింది.

ఇలాంటి రోగి ఒకరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తే ఏమవుతుంది? అరచేతుల గట్టిదనాన్ని మాత్రమే చూస్తే ఎల్ 85.1. ఛాతీపై రంగు మార్పును చూస్తే ఎల్ 81. ఏమీ తోచకపోతే ఆర్ 23. ఆర్సెనిక్ విషప్రభావమని రాయాలంటే టీ 57.0 వేయాలి. కాని అది వేయడానికి చర్మాన్ని చూడడం చాలదు, రోగి తాగే నీటి సంగతి తెలియాలి. నీటి పరీక్ష ఆరోగ్యశాఖ చేతిలో ఉండదు. అది మరో శాఖ పని. రెండు శాఖల పుస్తకాలు ఒకచోట కలవవు. ఏళ్లు గడిచి అదే రోగికి చర్మ కేన్సర్ వస్తే సీ 44, మూత్రాశయ కేన్సర్ వస్తే సీ 67 పడుతుంది. రెండింటికీ మూలం ఒకే బావి అన్న సంగతి ఆ సంఖ్యలలో ఎక్కడా ఉండదు.

సమస్య బెంగాల్‌కే పరిమితమని చాలాకాలం భావించారు. 2002లో బీహార్‌లోని భోజ్‌పూర్ జిల్లా సెమరియా ఓఝా పట్టీ గ్రామంలో ఇవే లక్షణాలు, ఇదే నీరు బయటపడ్డాయి. ఆ తరువాత ఉత్తరప్రదేశ్‌లోని బలియా వంతు వచ్చింది. రెండుచోట్లా విషయాన్ని బయటపెట్టింది గ్రామాలకు వెళ్లి నీటినీ, చర్మాన్నీ ఒకేసారి పరీక్షించిన పరిశోధకులే. ఆసుపత్రి గణాంకాలు కావు.

మచ్చ ఒకటే, అర్థాలు అనేకం

కుష్ఠు విషయంలో చిక్కు మరో రకం. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఆ జబ్బుకు తొలి చిహ్నం. స్పర్శ పోయిందని మాత్రమే రాస్తే ఆర్ 20, రంగు తగ్గిందని రాస్తే ఎల్ 81, కుష్ఠు అని నిర్ధారిస్తే ఏ 30. సంఖ్యల మధ్య ఉన్న ఈ కొద్ది దూరం రోగికి చాలా పెద్దది. ఏ 30 అని తేలితే ఉచితంగా బహుళ ఔషధ చికిత్స మొదలవుతుంది. నరాలు దెబ్బతినకముందే జబ్బు నయమవుతుంది. తేలకపోతే ఏదో ఒక లేపనంతో రోగి ఇంటికి వెళతాడు, వేళ్లు వంకర తిరిగాక మళ్లీ వస్తాడు.

ప్రతి పదివేల జనాభాకు ఒక కేసుకన్నా తగ్గిందన్న ప్రమాణంతో, జాతీయస్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని 2005 డిసెంబరు లెక్కల ఆధారంగా ప్రకటించారు. ఆ తరువాత ఇల్లిల్లూ తిరిగి వెతకడం సన్నగిల్లింది. 2016లో పెద్దఎత్తున రోగుల గుర్తింపు ఉద్యమం చేపట్టవలసి వచ్చింది. 2022లో ప్రపంచవ్యాప్తంగా నమోదైన సుమారు 1.74 లక్షల కొత్త కేసులలో 1.03 లక్షలకు పైగా భారతదేశానివే. వెతికితే కనిపించే జబ్బు, వెతకకపోతే 'ఇతర' గడిలో ఒదిగిపోతుందని ఈ అనుభవం చెబుతోంది.

కాలా అజార్ సంగతి మరీ విచిత్రం. బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, తూర్పు ఉత్తరప్రదేశ్‌లలో ఈ జ్వరం నుంచి కోలుకున్నవారిలో కొందరికి, ఇక్కడి అంచనాల ప్రకారం నూటికి ఐదు నుంచి పది మందికి, నెలలో ఏళ్లో గడిచాక ముఖంపైనా ఒంటిపైనా మచ్చలు వస్తాయి. నొప్పి ఉండదు, జ్వరం రాదు. కూలి పని మానుకోవలసిన అవసరమూ ఉండదు. అందుకే ఆసుపత్రికి వచ్చేవారు తక్కువ. కాని వారి చర్మంలో పరాన్నజీవి బతికే ఉంటుంది. శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ దాన్ని మరొకరికి చేరవేయగలదు. పదవ కూర్పులో ఈ చర్మవ్యాధికి ప్రత్యేక సంఖ్యే లేదు. అసలు జ్వరానికిచ్చిన బీ 55.0లోనే దీన్నీ కలిపివేశారు. జ్వరం తగ్గుముఖం పట్టాక మిగిలిన ముప్పు ఎంతో ఆ ఒక్క సంఖ్యతో తెలుసుకోవడం అసాధ్యం. అందువల్ల నిర్మూలన కార్యక్రమాలు ఈ రోగులకోసం తమ సొంత రిజిస్టర్లను విడిగా నిర్వహించుకోవలసి వచ్చింది. 2023 అక్టోబరులో బంగ్లాదేశ్ ప్రజారోగ్య సమస్యగా కాలా అజార్‌ను తొలగించిన తొలి దేశంగా గుర్తింపు పొందింది. ఆ విజయం నిలవడం ఈ మచ్చల రోగులను వెతికి పట్టుకోవడంపైనే చాలావరకు ఆధారపడి ఉంది.

హైదరాబాదులో అమెరికా చర్మం

ఇదే వర్గీకరణ మరోచోట వేలమందికి జీవనోపాధి. హైదరాబాదు, చెన్నై నగరాలలోని మెడికల్ కోడింగ్ సంస్థలలో ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, జీవశాస్త్రాలు చదివిన యువతీయువకులు అమెరికా ఆసుపత్రుల కేసు షీట్లు చదివి ప్రతి జబ్బుకూ సంఖ్య వేస్తుంటారు. అమీర్‌పేటలో ఈ శిక్షణ ఇచ్చే బోర్డులు కొల్లలు. అమెరికా 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న సొంత కూర్పులో దాదాపు 70 వేల సంఖ్యలున్నాయి. అందులో 'ఇతర చర్మ మార్పులు' ఆర్ 23.8 కాగా, 'నిర్దేశించని చర్మ మార్పులు' ఆర్ 23.9గా వేరుపడ్డాయి. వివరం ఉండి కూడా నిర్దేశించని సంఖ్య వేస్తే బీమా సంస్థ చెల్లింపును ప్రశ్నించవచ్చు. అందుకే అక్కడి ఆసుపత్రి ఆ వివరం కోసం వెతికిస్తుంది. వెతికే పనికి జీతమిస్తుంది.

మన ప్రభుత్వాసుపత్రి బహిరోగుల విభాగంలో బిల్లు లేదు. బిల్లు లేనిచోట సంఖ్య కోసం పట్టుబట్టేవారూ లేరు. ప్రైవేటు ఆసుపత్రులు నింపే బీమా క్లెయిము పత్రంలో వ్యాధి సంఖ్యకు గడి ఉంది గాని, బీమా ప్రధానంగా వర్తించేది ఆసుపత్రిలో చేరినవారికే. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య యోజన కూడా చేరిక చికిత్సలకే ఉద్దేశించినది. చర్మరోగులలో అత్యధికులు ఆసుపత్రిలో చేరరు. ఇక రెండో ఖాతా మరణాలది. వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించిన మరణాలు 2020లో నమోదైన మొత్తం మరణాలలో 22.5 శాతమే. చర్మవ్యాధి నేరుగా ప్రాణం తీయడం అరుదు గనుక ఆ కొద్దిపాటి లెక్కలోనూ దానికి చోటు స్వల్పం. మంచాన పడవేయని జబ్బు, వెంటనే చంపని జబ్బు రెండు ఖాతాల మధ్య జారిపోతున్నది.

పదకొండవ కూర్పులో కొంత వెసులుబాటు ఉంది. ఒక లక్షణం సంఖ్యకు దాని కారణం సంఖ్యను జతచేసి ఒకే గుచ్ఛంగా రాయవచ్చు. అరచేతి గరుకును, ఆర్సెనిక్‌ను విడదీయకుండా నమోదు చేయడం దీనితో సాధ్యమవుతుంది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ వైద్యాలలోని రోగాల పేర్లనూ 2024 జనవరిలో ఢిల్లీలో విడుదలైన అనుబంధ విభాగం ద్వారా ఇందులో చేర్చారు. చరకుడు కుష్ఠ రోగాలను పద్దెనిమిది రకాలుగా విభజించాడు. పట్టికలు కట్టడంలో మనవారు వెనుకబడి లేరు.

అయితే పట్టిక ఎంత విస్తృతమైనా, దాన్ని నింపవలసినది ఒక పూటలో పదుల సంఖ్యలో రోగులను చూసే వైద్యుడు, పక్కన రిజిస్టరు రాసే సిబ్బంది. డెబ్భై వేల సంఖ్యలు వారికి అవసరం లేదు. గంగా మైదానపు జిల్లాలలో చర్మం మార్పుతో వచ్చే ప్రతి రోగినీ మూడు విషయాలు విచారించి రాసుకుంటే చాలావరకు సరిపోతుంది: మచ్చపై స్పర్శ ఉందా, గతంలో కాలా అజార్ వచ్చిందా, ఏ బావి నీరు తాగుతున్నారు. మొదటిదానికి దూది పోగు చాలు, రెండోదానికి ఒక ప్రశ్న చాలు. మూడోదానికి సమాధానం రాశాక ఆ బావి నీటిని పరీక్షకు పంపే ఏర్పాటు ఆరోగ్య, తాగునీటి శాఖలు కలిసి చేసుకోవలసి ఉంటుంది.