గోల్డ్‌వింగ్ మీద జనరంజని!

సినిమాలో హీరో మోటారు సైకిలెక్కాడంటే చాలు, ఎక్కణ్ణుంచో ఆర్కెస్ట్రా మొదలవుతుంది. అన్ని వయొలిన్లు ఏ పెట్రోలు ట్యాంకులో దాక్కున్నాయని మనం ఏనాడైనా అడిగామా? లేదు. కానీ నిజంగానే పాటలు పాడే మోటారు సైకిలు ఉందంటే నమ్ముతారా? ఉంది. దాని మీద నేను ఊరేగాను కూడా!

2024 జూన్‌లో అమెరికా వెళ్ళాను. ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరం. అక్కడ మా బావగారుంటారు. ఆయన కారు షెడ్డులో కారు ఎండలో ఉంటుంది, మోటారు సైకిలు నీడలో ఉంటుంది. 1990 మోడల్ హోండా గోల్డ్‌వింగ్. 1998లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పేరు చూసి జపాన్ నుంచి దిగిందనుకునేరు... ఆ ఊరికి దగ్గర్లోనే మేరీస్‌విల్ అని ఉంది, 1980 నుంచి 2009 దాకా గోల్డ్‌వింగ్‌లు అక్కడే తయారయ్యాయి. అంటే బావగారి బండి అచ్చంగా లోకల్ అన్నమాట!

1520 సి.సి., ఆరు సిలిండర్లు. బరువు 360 కిలోలకు పైమాటే. అంత బండిని కాళ్ళతో వెనక్కి నెట్టడం మానవమాత్రుల వల్ల కాదు గనక రివర్సు కూడా పెట్టారు. స్టార్టరు మోటారే దాన్ని వెనక్కి లాగుతుంది. రాజ్‌దూత్‌ని గస పోస్తూ వెనక్కి తోసిన వాణ్ణి, అది చూసి నాకు నవ్వాగలేదు. ముందు రేడియో, క్యాసెట్ ప్లేయరు, స్పీకర్లు. వెనక సీటు సాక్షాత్తూ సోఫా! సోఫాకి అటొకటి ఇటొకటి మరో రెండు స్పీకర్లు. అవి మా అక్కయ్య కోసం బావగారు విడిగా బిగించినవి.

అక్కయ్య 2021లో పోయింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 1982లో, తెనాలిలో మా ఇంటికి మామయ్య కువైట్ నుంచి టేప్‌రికార్డరు తెచ్చాడు. అక్కయ్య దాన్ని రేడియో ముందు పెట్టి పాటలు పట్టేది. పట్టి ఊరుకునేదా? మధ్యమధ్య తనే అనౌన్సరయ్యేది. వివిధ భారతి జనరంజని అంటే ఆ రోజుల్లో ఊరు ఊరంతా చెవులప్పగించేది కదా, అచ్చం ఆ గొంతుతో మా పిన్నుల పేర్లు, పాలవాడి పేరు, మా కుక్క పేరు చదివి, వీరందరూ కోరిన పాట అని శంకరాభరణం పాట వేసేది! ఆ క్యాసెట్టు 2023లో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికింది. హైదరాబాదులో ఓ షాపులో ఫోనులోకి ఎక్కించాను. ఎక్కించానే గాని వినలేదు. ఒక్కణ్ణీ కూర్చుని వినే ధైర్యం లేకపోయింది.

క్యాసెట్టు చూడగానే బావగారు అమాంతం బండి దగ్గరికి పరిగెత్తారు. చెయ్యి పట్టుకు ఆపాను. 42 ఏళ్ళ టేపు! రోలర్లలో చుట్టుకుందంటే ఇంకేముంది? అందుకే ఫోనును బండికి కలపాలని తీర్మానించాం.

"అదెంత పని మావయ్యా, బ్లూటూత్ హెల్మెట్ కొనండి" అంది మేనకోడలు. 2018 గోల్డ్‌వింగ్‌లోనైతే ఫోను కలిపితే తెర మీదే పాటలొస్తాయని కూడా చెప్పింది. బావగారు ససేమిరా అన్నారు. "మీ అమ్మ వెనక స్పీకర్లలోంచే వినేది" అన్నారు. ఆ పిల్ల మరి మాట్లాడలేదు.

మొదట క్యాసెట్ అడాప్టర్ తెచ్చాం. చూడ్డానికి క్యాసెట్టే, లోపల టేపుండదు. ఓ వైరు తోకలా వేలాడుతుంది. వైరు కొసను ఫోనుకు కలిపితే, అడాప్టర్‌లోని చిన్న హెడ్డు, ప్లేయరు హెడ్డుకు ఎదురుగా నిలబడి అయస్కాంత శక్తితో పాట అందిస్తుంది. టేపు తిరుగుతోందని ప్లేయరు మోసపోతుంది! కానీ ఇది టేపు అయిపోతే తనంతట తనే రెండో వైపు వాయించే రకం. మా అడాప్టర్‌కి ఆ ఆట తెలీదు. నాలుగు క్షణాలకోసారి టక్కుమని దిశ మార్చడం... పాటలో తాళం ఎవరు వేస్తున్నట్టు?

తర్వాత బండికున్న ఆగ్జిలరీ సాకెట్. గుండ్రంగా, అయిదు కన్నాలతో ఉంటుంది. దానికి సరిపడే కేబులు తెప్పించి ఫోనుకు తగిలిస్తే, ఆహా! బాలూ గొంతు షెడ్డంతా నిండింది. (ఫోనులో వాల్యూం ముప్పావు వంతే పెట్టండి. నిండా పెడితే పాట పగులుతుంది. మిగతాది బండిలో పెంచుకోవాలి.) దారి చూపించేదీ ఆ ఫోనే గనక, చార్జింగుకని బండిలోని 12 వోల్టుల సాకెట్‌కి కూడా తగిలించాం. అంతే, కుయ్‌య్‌య్ మని ఒకటే కూత! యాక్సిలరేటరు తిప్పితే కూతా పెరుగుతోంది. చార్జరు పీకితే మాయం.

బావగారు జుట్టు పీక్కున్నారు. రెండ్రోజులు వైర్లన్నీ తడిమి చూశాక తేలిందేమిటంటే, తప్పు ఏ ఒక్క వస్తువుదీ కాదు. ఫోనుకు బండితో రెండు ఎర్తులు కలిశాయి, ఒకటి చార్జరు గుండా, ఒకటి పాట కేబులు గుండా. ఆ రెంటి మధ్య ఏర్పడిన చుట్టులో ఆల్టర్నేటరు రొద ప్రవహించి పాటలో కలుస్తోంది. మందు చాలా చవక. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అగ్గిపెట్టెంత డబ్బా. అందులో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. పాట తీగ గుండా కాక అయస్కాంత శక్తితో అవతలికి దూకుతుంది, రొదకు మాత్రం దారి ఉండదు. అంటే మేం విసిరికొట్టిన క్యాసెట్ అడాప్టర్ చేసే పనే ఇదీనూ!

ఆదివారం పొద్దున్నే హాకింగ్ హిల్స్‌కి బయల్దేరాం. అక్కయ్యకు ఇష్టమైన అడవి. ఆమె సీట్లో నేను. 33వ నంబరు హైవే మీద ఏమీ పెట్టలేదు. 60 మైళ్ళ వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబెల్స్ దాటుతుంది, ఇక మాటేం వినపడుతుంది? పోనీ ఇయర్‌ఫోన్లంటారా, బండి నడిపేవాడు రెండు చెవులూ మూసుకుంటే వెనక లారీ హారను ఎవరు వింటారు? కాలిఫోర్నియాలో అది నేరం కూడా.

లోగన్ దాటాక 664వ నంబరు చిన్నరోడ్డు ఎక్కి, బావగారు వేగం తగ్గించి చెయ్యెత్తారు. నేను ఫోను నొక్కాను.

గుర్‌ర్‌ర్... రొద!

బండి పక్కకు తీసి ఆపేశారు. "మళ్ళీ వచ్చిందయ్యా వెధవది!" అంటూ వైర్లమీద పడ్డారు. చార్జరు పీకారు. పోలేదు. తాళం తిప్పి ఇంజను కట్టేసి, రేడియో ఒక్కటే ఉంచారు. అప్పటికీ పోలేదు! ఆల్టర్నేటరు తిరగందే ఈ రొద ఎక్కణ్ణుంచి వస్తోంది? నాకేమీ అంతుపట్టలేదు.

అంతలో వెనక స్పీకర్లలోంచి, నా చెవుల పక్కనే...

"ఒరేయ్, ఆ ఫ్యాను కట్టెయ్‌రా! రేడియో స్టేషన్లో ఫ్యానుండదు!"

చిన్న పిల్లాడి అడుగుల చప్పుడు. టక్కుమని స్విచ్చి. రొద ఆగిపోయింది. ఆ పరిగెత్తింది నేనే.

అక్కయ్య గొంతు సవరించుకుని, కుక్క పేరు చదవడం మొదలెట్టింది. బావగారు చేతిలో వైరుతో అలాగే నిలబడిపోయారు. హెల్మెట్ తియ్యలేదు. పాట మొదలవుతుండగా నా వైపు తిరిగి,

"ఏవోయ్, మళ్ళీ మొదట్నుంచీ పెట్టు. ఆ ఫ్యాను దగ్గర్నుంచీ" అన్నారు.