కాలేయము - దాని రెండు రక్తమార్గములు

సామాన్యముగ ధమని అవయవమునకు రక్తమును తెచ్చును. సిర దానిని తిరిగి గుండెవైపునకు కొనిపోవును. కాని కాలేయమునకు రక్తమును తెచ్చునవి రెండు. అందొకటి ధమని, రెండవది సిర. ఈ విశేషమును గ్రహించినచో కాలేయపు నిర్మాణమును, దాని పనియు, దానికి వచ్చు ఆపదలును సులభముగ బోధపడును.

పెద్దవారి కాలేయము సుమారు 1.5 కిలోగ్రాముల బరువుండును. ఇది విభాజక పటలమునకు దిగువను, ముఖ్యముగ కుడివైపు ప్రక్కటెముకల చాటున నుండును. పైకి చూచిన కుడి, ఎడమ తమ్మెలు రెండు కనబడును. కుడి తమ్మె పెద్దది. అడుగుభాగమున పిత్తాశయము అంటియుండును. అచ్చటనే ఒక అడ్డుగాడి కలదు. దీనిగుండ కాలేయ ధమనియు, నిర్వాహక సిరయు లోనికి పోవును. పిత్తనాళములు వెలికి వచ్చును.

జీర్ణాశయము, ప్రేగులు, క్లోమము, ప్లీహము - వీని సిరలు కలసి నిర్వాహక సిర యగును. గోదావరి ఉపనదులను కలుపుకొని వచ్చి, తుదకు పాయలుగ చీలినట్లే ఈ సిరయు కాలేయమును చేరి మరల సన్నని శాఖలుగ చీలును. ప్రేగులలో జీర్ణమైన పిండిపదార్థములనుండి వచ్చు చక్కెరయు, మాంసకృత్తులనుండి వచ్చు ఎమినో ఆమ్లములును ఈ దారినే వచ్చును. అధికముగనున్న చక్కెరను కాలేయము గ్లైకోజెన్ రూపమున నిలువచేయును. ప్రేగులనుండి వచ్చిన విషపదార్థములను పెక్కింటిని హానిలేని వానిగ మార్చును. ఈ రక్తము గుండెను చేరుట ఆ పిమ్మటనే.

కాలేయమునకు నిమిషమునకు సుమారు 1.5 లీటర్ల రక్తము చేరును. అందు ఇంచుమించు నాల్గింట మూడువంతులు నిర్వాహక సిరనుండి, మిగిలినది ధమనినుండి వచ్చును. కాని సిరలోని రక్తము అప్పటికే కొంత ప్రాణవాయువును కోల్పోయినది. అందుచే ప్రాణవాయువు నందించుటలో రెండింటి పాలును దాదాపు సమానమే.

సూక్ష్మదర్శినితో చూచిన, కాలేయము 1 లేక 2 మిల్లీమీటర్ల వెడల్పుగల, ఆరు మూలల చిరుతమ్మెల సముదాయముగ కనబడును. మూలలనుండి ధమని రక్తమును, సిర రక్తమును కలసి కణముల వరుసల నడుమ ప్రవహించి, మధ్యనున్న చిన్న సిరను చేరును. పైత్యరసము దీనికి ఎదురుగ, మూలలవైపునకు పోవును. నడిమి సిరలు కలసి కాలేయ సిరలై, అధోమహాసిరలో పడును.

మితిమీరిన మద్యపానము, కొన్ని వైరసులు, కాలేయమున క్రొవ్వు పేరుకొనుట మున్నగు కారణములచే దీర్ఘకాలము దెబ్బతిన్నచో, లోపల పీచువంటి గట్టి పదార్థ మేర్పడును. ఇదియే సిర్రోసిస్ వ్యాధి. అప్పుడు దారి ఇరుకై నిర్వాహక సిరలో పీడనము హెచ్చును. రక్తము ప్రక్కదారులు పట్టగా, ఆహారనాళపు అడుగుభాగమున సిరలు ఉబ్బును. అవి పగిలినచో రోగి రక్తము కక్కుకొనును, ప్రాణాపాయము కలుగును.

అట్లు చెడిన కాలేయమునకు బదులు మరియొకరి కాలేయములో కొంతభాగమును అమర్చుట రక్తనాళముల అమరికవలననే సాధ్యమైనది. కాలేయము యొక్క నిజమైన విభజన పైకి కనబడు తమ్మెలనుబట్టి కాక, లోపలి రక్తనాళములనుబట్టి యున్నదని 1897లో జేమ్స్ కాంట్లీ చూపెను. ఫ్రెంచి వైద్యుడు క్లోడ్ క్వీనో 1957లో దానిని ఎనిమిది ఖండములుగ వివరించెను. ప్రతి ఖండమునకును తనదైన ధమని, నిర్వాహక సిర శాఖలును, పిత్తనాళమును కలవు. కావున మిగిలినవానికి హానికలుగకుండ కొన్ని ఖండములను వేరుచేయవచ్చును. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున రస్సెల్ స్ట్రాంగ్ అను శస్త్రవైద్యుడు, ఒక తల్లి కాలేయములోని భాగమును ఆమె బిడ్డకు జయప్రదముగ అమర్చెను. ఇట్టి దానము చేసినవారి కాలేయము కొన్ని నెలలలో మరల పెరిగి, ఇంచుమించు పూర్వపు పరిమాణమును పొందును.