మూసీ వెంట... మెల్లమెల్లగా!

పుట్టినచోట ఒక దండం. ఒడ్డున కొలువైన దేవుడికి ఇంకోటి. కృష్ణమ్మలో కలిసేచోట మరొకటి. అమ్మానాన్నలను నది దగ్గరికి తీసుకెళ్లడానికి కాశీదాకా పోనక్కర్లేదు. దొంతన్‌పల్లి నుంచి బయల్దేరితే గంటన్నరలోపే ఓ నది పుట్టిల్లు చూపించొచ్చు. కాకపోతే ప్రయాణం వాళ్ల మోకాళ్లను అడిగి పెట్టుకోవాలి!

‘ఒక్కసారి నది ఒడ్డుకు తీస్కపో బిడ్డా...’ అంటుంది అమ్మ.

‘ఈ వయసులో ఎందుకమ్మా, మెట్లు దిగగలవా?’ అంటాడు కొడుకు.

చాలా ఇళ్లలో ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. కొన్ని ఇళ్లలో మరోరకంగా జరుగుతుంది. నాలుగు రోజుల్లో ఏడు గుళ్లు, రాత్రంతా బస్సు, తెల్లారుజామున చన్నీటి స్నానం. ఇంటికొచ్చాక వారం రోజులు మంచం. మొదటిది పిల్లల భయం, రెండోది పిల్లల ఉత్సాహం. రెండింట్లోనూ పెద్దవాళ్లను అడిగినవాళ్లు లేరు!

2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు. ‘అప్పుడు తీసుకెళదాంలే’ అనుకునేవాళ్లూ ఎక్కువే. కానీ 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌ దగ్గర తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. కర్ర పట్టుకుని నడిచేవాళ్లకు అలాంటి రద్దీ తగదు. నదికి పుణ్యం పన్నెండేళ్లకోసారే రాదు కదా... రద్దీలేని ఓ మంగళవారం వెళ్లినా నది నదే!

నిద్ర వరం కోరినవాడి కొండ

శంకర్‌పల్లి రోడ్డులో ఉన్న దొంతన్‌పల్లి నుంచి మొదటి మజిలీ వికారాబాద్‌ దగ్గరి అనంతగిరి. మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. ఇక్కడ మొదలై దాదాపు 240 కిలోమీటర్లు ప్రయాణించి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్‌లో వంతెన మీదుగా పోతూ ముక్కు మూసుకునే మూసీయేనా ఇది అని ఆశ్చర్యం వేస్తుంది ఇక్కడి పచ్చదనం చూస్తే!

ఈ నదికి పాత పేరు ముచుకుంద. ఆ పేరు వెనకున్న కథ పెద్దవాళ్లకు భలే నచ్చుతుంది. ముచుకుందుడు అనే రాజు దేవతల పక్షాన ఏళ్లతరబడి యుద్ధం చేశాడు. ఏం వరం కావాలని అడిగితే రాజ్యాలు కోరలేదు. ‘అలసిపోయాను, హాయిగా నిద్రపోనివ్వండి. నన్ను లేపినవాడు భస్మమైపోవాలి’ అన్నాడు. కాలయవనుణ్ని కృష్ణుడు ఉపాయంగా ఆ గుహలోకి రప్పించాడు. వాడు కాలితో తన్ని రాజును లేపాడు, ఆ చూపుకి బూడిదయ్యాడు. తర్వాత ముచుకుందుడు కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్లే నదిగా పారాయన్నది స్థలపురాణం. నలభై ఏళ్లు సంసారం ఈదినవాళ్లకు విశ్రాంతి కోరిన రాజు కథ కొత్తగా చెప్పాలా!

కొండమీద అనంత పద్మనాభస్వామి కొలువై ఉన్నాడు. మార్కండేయుడు ఇక్కడ తపస్సు చేశాడని చెబుతారు. దిగువన భవనాశిని పుష్కరిణి. చుట్టూ అడవి, చల్లగాలి. నిజాం కాలంలో క్షయ రోగుల కోసం ఇక్కడ శానటోరియం పెట్టారంటే ఆ గాలి గొప్పతనం తెలుస్తుంది. అయితే ఓ మాట. కార్తీకమాసంలోనూ, ఆషాఢంలోనూ జాతరలు జరుగుతాయి. ఆ రోజులు తప్పించి వెళితేనే కూర్చోవడానికి నీడ దొరుకుతుంది. కోతులు ఎక్కువ. చేతిలో పండ్ల సంచి కనిపించకుండా చూసుకోవాలి.

కారు లేనివాళ్లకు రైలు ఉంది. లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్‌ చేరొచ్చు. అక్కడి నుంచి ఆటోలో కొండ ఎక్కితే సరి. ఒకే రోజులో తిరిగిరావచ్చు. కానీ పెద్దవాళ్లతో వెళితే ఓ రాత్రి ఉండటమే మేలు. పర్యాటక శాఖవారి హరిత రిసార్టు కొండమీదే ఉంది. గది ముందే చెప్పి ఉంచుకుంటే సాయంత్రం గాలి, పొద్దున్నే పక్షుల కూతలూ ఉచితం!

భక్తుడి దగ్గరికే వచ్చిన దేవుడు

రెండోరోజు పొద్దున్నే టిఫిన్‌ చేసి, మన్నెగూడ, చేవెళ్ల, మొయినాబాద్‌ మీదుగా తిరుగు ప్రయాణం. దారి పొడవునా రోడ్డుమీద గొడుగు పట్టే ఊడల మర్రిచెట్లకు పేరుపడింది ఈ రహదారి. రోడ్డు విస్తరణ కోసం వీటిని కొట్టేయొద్దని పర్యావరణ ప్రేమికులు ఏళ్లతరబడి పోరాడారు. నాన్నగారి చిన్ననాటి కబుర్లు మొదలయ్యేది ఈ చెట్లు చూశాకే. కానీ అందం చూస్తూ జాగ్రత్త మరవకూడదు. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్‌ ఢీకొని ఎంతోమంది చనిపోయారు. ఇరుకు రోడ్డు, భారీ వాహనాలు... కాబట్టి ఈ దారిలో చీకట్లో ప్రయాణం వద్దు, తొందర అసలే వద్దు.

మొయినాబాద్‌ దాటాక లోపలికి తిరిగితే చిలుకూరు. గండిపేట చెరువు ఒడ్డున ఉన్న బాలాజీ గుడి. విదేశాలకు వెళ్లాలనుకునే కుర్రకారు మొక్కుకోవడంతో ‘వీసా బాలాజీ’ అని పేరొచ్చింది కానీ, దీని కథ అసలు పెద్దవాళ్లదే. ఏటా తిరుపతి వెళ్లే ఓ భక్తుడు జబ్బుపడి వెళ్లలేకపోయాడట. అప్పుడు స్వామి కలలో కనిపించి ‘నీకు దగ్గర్లోని అడవిలోనే ఉన్నా, బెంగపడకు’ అన్నాడట. పుట్ట తవ్వితే విగ్రహం బయటపడింది. నడవలేని భక్తుడి కోసం దేవుడే నడిచొచ్చాడన్నమాట!

ఇక్కడ హుండీ లేదు. టిక్కెట్టు దర్శనం లేదు. పెద్ద పదవిలో ఉన్నవారైనా వరసలో రావలసిందే. మొదటిసారి వచ్చినవాళ్లు 11 ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరాక 108. మోకాళ్లు సహకరించనివాళ్లు 108 జోలికి పోకుండా ఉన్నచోటే తిరుగుతూ ఆత్మప్రదక్షిణ చేసుకోవచ్చు. అమ్మ మొక్కిన మొక్కు కొడుకు తీర్చినా దేవుడేమీ అనుకోడు.

ఎప్పుడెళ్లాలన్నదే అసలు సంగతి. శుక్ర, శని, ఆదివారాలు జనం కిటకిట. 2024 ఏప్రిల్‌లో బ్రహ్మోత్సవాల సమయంలో గరుడ ప్రసాదం కోసం జనం పోటెత్తడంతో వాహనాలు కిలోమీటర్ల మేర నిలిచిపోయాయి. సోమవారం నుంచి గురువారం లోపు, ఉదయంపూట వెళితే దర్శనం తేలిక.

గుడి తర్వాత గండిపేట కట్ట. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు. మళ్లీ అలా జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఏడో నిజాం కాలంలో ఈ ఉస్మాన్‌సాగర్‌ కట్టారు. 1920లో పూర్తయింది. ఇది నగరానికి తాగునీరిచ్చే చెరువు. స్నానం మాట తలపెట్టొద్దు. కట్ట పక్కన కూర్చుని నీళ్లు చూడటమే ఇక్కడి తీర్థసేవ!

కృష్ణమ్మ ఒడిలోకి...

మూడో మజిలీ వాడపల్లి. దీన్ని అదే ప్రయాణంలో కలపకూడదు. నెలో, రెండు నెలలో ఆగి విడిగా వెళ్లాలి. మిర్యాలగూడ నుంచి పాతిక కిలోమీటర్ల దూరం. మిర్యాలగూడ వరకు రైలు, అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకుంటే నడుముకు హాయి.

ఇక్కడ కృష్ణా మూసీ సంగమం. ఒడ్డున రెండు పాత ఆలయాలు... మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి. రెడ్డిరాజుల కాలంతో ముడిపడిన క్షేత్రమిది. శివలింగం పైన చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లుంటాయని చెబుతారు. నరసింహస్వామి సన్నిధిలో రెండు దీపాలు. స్వామి ముఖం ఎత్తున ఉన్నది అల్లాడుతుంది, కిందిది నిశ్చలంగా వెలుగుతుంది. స్వామి ఊపిరి తగిలే అలా కదులుతుందని భక్తుల నమ్మకం. మనవలకు చెప్పడానికి తాతలకు ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది?

మునిగితేనే పుణ్యమా?

తీర్థయాత్రల్లో పెద్దవాళ్లు ఎక్కువగా జారిపడేది ఘాట్ల దగ్గర. నాచు పట్టిన మెట్టు, తడిసిన చీర కుచ్చిళ్లు, పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం... తుంటి ఎముక విరిగిందంటే ఆ తర్వాత మంచమే దిక్కు కావచ్చు. అయినా ‘మునగకపోతే యాత్ర ఏం యాత్ర’ అని పట్టుబడతారు.

వాళ్లతో వాదించక్కర్లేదు. శాస్త్రమే చెప్పొచ్చు. స్నానాలు ఏడు రకాలన్నారు పెద్దలు. నీళ్లలో మునిగే వారుణం వాటిలో ఒకటి మాత్రమే. మంత్రం చదువుతూ నీళ్లు చల్లుకుంటే మంత్రస్నానం. మనసులో దేవుణ్ని తలచుకుంటే మానసస్నానం. కాబట్టి పైమెట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి పాదాలు తడిపి, తలమీద చల్లితే చాలు. అనంతగిరిలోనూ ఇదే పద్ధతి మేలు. హైదరాబాద్‌ దాటిన మూసీ నీళ్లను మాత్రం ముట్టుకోకపోవడమే మంచిది.

బయల్దేరే ముందు...

* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. పొద్దున మంచు కమ్మితే అది తొలిగాకే బండి తీయాలి.

* వారం ముందు డాక్టరుకు చూపించాలి. బీపీ, షుగరు మాత్రలు రెండురోజులు ఎక్కువే తీసుకెళ్లాలి. మందుల చీటీ నకలు ఒకటి పర్సులో, ఒకటి పిల్లల ఫోన్‌లో.

* షుగరు ఉన్నవాళ్లు దర్శనమయ్యేదాకా ఉపవాసం అనకూడదు. రెండు ఇడ్లీలు తిని వెళితే దేవుడికి కోపం రాదు!

* బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. ముఖ్యంగా అమ్మలు. గంటకోసారి బండి ఆపుతామని ముందే చెబితే ఆ బెంగ ఉండదు.

* ఎండకు కాలే బండలమీద నడవడానికి నూలు మేజోళ్లు, మడతకుర్చీ, చేతికర్ర, టార్చిలైటు మరవొద్దు.

* రోజుకు ఒక్క గుడి. మధ్యాహ్నం కునుకు తప్పనిసరి.

* రైళ్లలో వయోవృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. దూరప్రయాణాల్లో కింది బెర్తు కోటా మాత్రం ఉంది. పురుషులకు 60, మహిళలకు 45 ఏళ్లు దాటితే చాలు. టిక్కెట్టు తీసేటప్పుడే అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. ప్రయాణం ఖాయం చేసేముందు పెద్దవాళ్లను కూర్చోబెట్టి ‘ఏం చూడాలని ఉంది?’ అని అడగాలి. నాన్న గుళ్లన్నీ తిరగాలనొచ్చు. అమ్మకు నీళ్ల పక్కన గంటసేపు ఊరికే కూర్చోవాలని ఉండొచ్చు. అప్పుడు ‘ఇంకా రెండు గుళ్లున్నాయి, లే’ అని తొందరపెట్టకూడదు. ఫ్లాస్కులో టీ పోసిచ్చి పక్కనే కూర్చోవాలి. ఇంటికొచ్చాక వారందాకా ఆ ఒడ్డు ముచ్చట్లే వినిపిస్తే... యాత్ర ఫలించినట్లే!