ఎవరికివ్వాలి ఆర్డర్‌?

సప్లై చెయిన్‌, ప్రొక్యూర్‌మెంట్‌ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అడగదగ్గ ప్రశ్న ఇది. ‘తక్కువ ధర చెప్పినవాళ్లకే’ అనేస్తే సగం జవాబే అవుతుంది. మిగతా సగం చెప్పడానికి పనికొచ్చేవే మల్టీ క్రైటీరియా డెసిషన్‌ మేకింగ్‌ (ఎంసీడీఎం) పద్ధతులు. విశాఖలో చదివేవాళ్లకు ఉదాహరణ ఊళ్లోనే ఉంది.

స్టీల్‌ప్లాంట్‌ పాఠం

విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజం గనులు లేవు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజం కొత్తవలస-కిరండూల్‌ రైలు మార్గంలో వస్తుంది. కోకింగ్‌ కోల్‌ ఎక్కువగా విదేశాల నుంచి ఓడల్లో దిగుతుంది. కారణం, మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. బూడిద పెరిగితే బ్లాస్ట్‌ ఫర్నేస్‌లో కోక్‌ ఎక్కువ ఖర్చవుతుంది, స్లాగ్‌ కూడా పెరుగుతుంది. అంటే కొనేటప్పుడు టన్నుకు మిగిలిన డబ్బు ఫర్నేస్‌ దగ్గర కరిగిపోవచ్చు.

ధర, నాణ్యత రెండూ బాగున్నా సరిపోదు. 2024 ఏప్రిల్‌లో గంగవరం పోర్టు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, ప్లాంటుకు చేరాల్సిన బొగ్గు పోర్టులోనే చిక్కుకుపోయింది. పోర్టు పక్కనే ఉంది, సరుకు కూడా దిగింది, కానీ చేతికి రాలేదు. కోక్‌ ఓవెన్లు గ్యాస్‌ స్టవ్‌లా ఆపి మళ్లీ వెలిగించేవి కావు. పూర్తిగా చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. అందుకే ‘టైమ్‌కి వస్తుందా, ఏ దారిలో వస్తుంది’ అన్నది కూడా ధరతో సమానంగా ఆలోచించాల్సిన విషయం.

లెక్క ఎలా వేస్తారు?

ఇది మనం ఊహించుకున్న ఉదాహరణ. ఇద్దరు బొగ్గు సప్లయర్లు ఉన్నారు. పదికి మార్కులు వేద్దాం. ‘ఎ’కి ధరలో 9, నాణ్యతలో 5, డెలివరీలో 6. ‘బి’కి వరుసగా 6, 8, 8. ధరకు 50 శాతం, నాణ్యతకు 30, డెలివరీకి 20 వెయిటేజీ ఇస్తే ‘ఎ’కి 7.2, ‘బి’కి 7.0 వస్తాయి. ఆర్డర్‌ ‘ఎ’కే.

ఇప్పుడు ధర నుంచి 5 శాతం తీసి డెలివరీకి ఇవ్వండి. ‘ఎ’ 7.05కి తగ్గుతుంది, ‘బి’ 7.1కి పెరుగుతుంది. సప్లయర్లు మారలేదు, మార్కులూ మారలేదు. వెయిటేజీ కాస్త కదిలితే విజేతే మారిపోయారు! కోట్ల రూపాయల ఆర్డర్‌ ఆ 5 శాతం మీద ఆధారపడి ఉందన్నమాట. ఇలా వెయిటేజీలు మార్చి చూడటాన్నే సెన్సిటివిటీ అనాలిసిస్‌ అంటారు.

మరి ఆ వెయిటేజీలు ఎక్కణ్నుంచి వస్తాయి? అందుకు ఎక్కువగా వాడేది ఏహెచ్‌పీ. దీన్ని థామస్‌ సాటీ 1970ల్లో రూపొందించారు. ప్రమాణాలను రెండేసి చొప్పున పోల్చి, ఒకటి మరోదానికంటే ఎంత ముఖ్యమో 1 నుంచి 9 స్కేలు మీద చెప్పాలి. ధర నాణ్యతకు రెండింతలు, నాణ్యత డెలివరీకి రెండింతలు ముఖ్యం అన్నాక, డెలివరీయే ధరకంటే ముఖ్యం అంటే పొంతన ఉండదు. ఆ తేడాను కన్సిస్టెన్సీ రేషియో పట్టేస్తుంది. అది 0.1 దాటితే పోలికలు మళ్లీ చూసుకోవాలి.

వెయిటేజీలు తేలాక ర్యాంకులివ్వడానికి టాప్సిస్‌ ఉంది. 1981లో హ్వాంగ్‌, యూన్‌ ప్రతిపాదించారు. అన్నింటిలో అత్యుత్తమంగా ఉండే ఊహా సప్లయర్‌కి ఎవరు దగ్గర, అధ్వానంగా ఉండేవాడికి ఎవరు దూరం అని కొలుస్తుంది.

ప్రభుత్వ కొనుగోళ్లలో చాలాకాలంగా తక్కువ ధర చెప్పిన ‘ఎల్‌1’దే పైచేయి. అయితే 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ, నాణ్యత-ధర కలిపి మార్కులేసే క్యూసీబీఎస్‌ విధానాన్ని ఎంపిక చేసిన పనులకూ అనుమతించింది. ధరేతర అంశాల వెయిటేజీ 30 శాతం దాటకూడదని షరతు పెట్టింది. వెయిటేజీ ఎంత ఉండాలన్నది ప్రభుత్వం స్థాయిలోనూ విధాన నిర్ణయమేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రాజెక్టు చేస్తున్నారా?

‘ఏహెచ్‌పీ-టాప్సిస్‌ ద్వారా సప్లయర్‌ ఎంపిక’ అని రెజ్యూమెలో రాయడం తేలికే. ఫార్ములాను ఎక్సెల్‌ ఒక్క పూటలో చేసిపెడుతుంది. ‘డెలివరీకి 20 శాతమే ఎందుకిచ్చారు?’ అని అడిగితే ఏం చెబుతారన్నదే అసలు పరీక్ష. అందుకని...

• వెయిటేజీలు సొంతంగా ఊహించకండి. స్టోర్స్‌, ప్రొడక్షన్‌, ఫైనాన్స్‌ విభాగాల్లో పనిచేసేవాళ్లను కనీసం ముగ్గురిని విడివిడిగా అడగండి. వాళ్ల అభిప్రాయాలు ఎక్కడ కలవలేదో రాసుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి అంతకంటే మంచి విషయం దొరకదు.

• ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కించకండి. ‘ఆలస్యమైన రోజులు’, ‘టైమ్‌కి డెలివరీ’ అని రెండు కాలమ్‌లు పెడితే ఒకే తప్పుకు రెండు శిక్షలు వేసినట్టే.

• ధర తక్కువైతే మంచిది, నాణ్యత ఎక్కువైతే మంచిది. ఏ కాలమ్‌ ఎటు చూడాలో ముందే గుర్తుపెట్టుకోండి.

• రాజీపడకూడనివాటికి మార్కులు వద్దు. బూడిద శాతం పరిమితి దాటితే ధర ఎంత తక్కువైనా పక్కన పెట్టేయాల్సిందే. ముందు వడపోత, తర్వాతే మార్కులు.

• ఫలితం ఎంత మార్పుకు తారుమారవుతుందో రిపోర్టులో తప్పక చూపించండి.

బొగ్గే తీసుకోవాలని లేదు. పరవాడ ఫార్మా యూనిట్‌కు ట్రాన్స్‌పోర్టర్‌ ఎంపిక, రొయ్యల ఎగుమతికి కోల్డ్‌ స్టోరేజీ, చివరికి మీ హాస్టల్‌ మెస్‌కు కూరగాయల కాంట్రాక్టు... ఏదైనా పనికొస్తుంది. ప్రాథమికాంశాలకు ఎన్‌పీటెల్‌ పాఠాలున్నాయి. ర్యాంకింగ్‌ను కంప్యూటర్‌ ఇస్తుంది. ఆర్డర్‌ మీద సంతకం పెట్టేది మాత్రం మనిషే. ఆ సంతకానికి కారణం చెప్పగలిగే అభ్యర్థినే కంపెనీలు వెతుక్కుంటాయి.